మొగిలి ఘాట్ మీద టర్బో పికప్: మైలేజ్ లెక్క తీసేదెలా, నిలబెట్టుకునేదెలా

పికప్ కొనాలనుకునే కుర్రాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది "అన్నా, లీటరుకి ఎంతిస్తుంది?" అనే. దానికి ఒక్క అంకెలో జవాబు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. మదనపల్లె మండీలో టమాటా ఎత్తుకుని చెన్నై కోయంబేడు మార్కెట్‌కి పోయి రావడం నా బతుకుతెరువు. అదే బండి, అదే డ్రైవరు, అదే దారి. అయినా ఒకసారి లీటరుకి 13 వస్తుంది, ఒకసారి 16 వస్తుంది. ఈ తేడా ఎక్కడ పుడుతోందో పట్టుకోగలిగితే నెలనెలా కంతు కట్టడం చాలా తేలికవుతుంది.

నాది మహీంద్రా బొలెరో పికప్. 2.5 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్, ఐదు గేర్లు. ఈ పికప్‌లలో మోడల్‌ని బట్టి 70 నుంచి 80 హార్స్‌పవర్, 200 నుంచి 220 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఉంటుంది. కొనేటప్పుడు అందరూ హార్స్‌పవర్ చూస్తారు. లోడు లాగేవాడు చూడాల్సింది టార్క్, అది ఏ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర దొరుకుతుందన్న సంగతి. ఈ ఇంజిన్ బలమంతా సుమారు 1,400 నుంచి 2,200 మధ్యలోనే ఉంది. బండి నడిపే తీరు గురించి ఇక చెప్పబోయేదంతా ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది.

ముందు లెక్క తీయడం. మీటర్ బోర్డు మీద కనిపించే మైలేజ్‌ని పక్కన పెట్టండి. ట్యాంకు ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడమే అసలు లెక్క. బండి చదునుగా నిలబడాలి, నాజిల్ దానంతటదే మొదటిసారి టక్కుమని ఆగినప్పుడు ఆపేయాలి. పైన ఇంకో రెండు వందలకి పొయ్యమంటే ఆ లెక్క పనికిరాదు. టైర్ల సైజు మార్చి ఉంటే ఓడోమీటర్ కూడా తప్పు చెబుతుంది. హైవే మీద కిలోమీటరు రాళ్లతో ఓ పది కిలోమీటర్లు సరిచూసుకోండి.

నేను ఇంకో పని కూడా చేస్తాను. దారిని రెండు ముక్కలు చేస్తాను. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు మీదుగా రాణిపేట దాకా ఒక ముక్క. అక్కడ్నుంచి కాంచీపురం, శ్రీపెరంబుదూరు మీదుగా కోయంబేడు దాకా చదును దారి రెండో ముక్క. పోయేటప్పుడు రాణిపేట దగ్గర ఫుల్ చేయిస్తాను, వచ్చేటప్పుడు మళ్లీ అక్కడే చేయిస్తాను. మన ఆంధ్రాలో కంటే తమిళనాడులో డీజిల్ చౌక కాబట్టి ఎలాగూ అక్కడ ఆగేదే. అట్లా చేస్తే చదును దారి లెక్క వేరే, ఘాట్ దారి లెక్క వేరే దొరుకుతాయి.

ఉదాహరణకి చదును ముక్కలో పోనురాను 216 కిలోమీటర్లు, 14.4 లీటర్లు పట్టిందనుకోండి. లీటరుకి 15. ఘాట్ ముక్కలో 264 కిలోమీటర్లకి 19.2 లీటర్లు పడితే 13.75. రెండూ కలిపితే దాదాపు 14.3. రేపు ఆ 14.3 కాస్తా 13.5కి పడిపోతే, ఎందుకు పడిందో ఆ ఒక్క అంకె చెప్పదు. రెండు ముక్కలూ విడివిడిగా రాసుకున్నవాడికి మాత్రం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. చదును ముక్కలోనూ తగ్గిందంటే టైర్లలో గాలి, బ్రేకు పట్టేయడం, వేగం ముందు చూసుకోవాలి. ఘాట్ ముక్క ఒక్కటే తగ్గి చదునులో మామూలుగా ఉందంటే నా అనుమానం మొదట ఇంజిన్లోకి గాలి కుక్కే టర్బో వైపు, గాలి గొట్టాల వైపు పోతుంది. చదును మీద టర్బోకి పెద్ద పని ఉండదు. ఎక్కుడు మీదే దాని బండారం బయటపడుతుంది. అయితే ఒక్క ట్రిప్పు చూసి కంగారు పడొద్దు. నాజిల్ కొంచెం ముందో వెనకో ఆగినా అంకె మారిపోతుంది. నాలుగైదు ట్రిప్పుల సగటు చూడండి.

పుస్తకంలో కిలోమీటర్లు, లీటర్లతో పాటు లోడు ఎంత, రిటర్న్‌లో ఖాళీనా బాడుగ ఉందా, వాన పడిందా, ఇవి కూడా రాయాలి. ఇవి లేని మైలేజ్ అంకె దేనికీ పనికిరాదు.

ఇప్పుడు ఘాట్ సంగతి. చిత్తూరు కంటే పలమనేరు దాదాపు 350 మీటర్లు ఎత్తులో ఉంది. బండీ లోడూ కలిసి మూడు టన్నులనుకుంటే, దాన్ని అంత ఎత్తుకి లేపడానికి ఇంచుమించు 3 యూనిట్ల శక్తి కావాలి. కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే. లీటరు డీజిల్లో 10 యూనిట్ల శక్తి ఉంటుంది గానీ, అందులో చక్రాల దాకా చేరేది మూడో వంతుకి మించదు. అంటే ఆ ఎత్తు ఎక్కడానికే ఒక లీటరు. ఖాళీ బండి అయితే అర లీటరు, లేదా ఇంకాస్త ఎక్కువ. తేడా అర లీటరు లోపే. "ఘాట్‌లో డీజిల్ తాగేస్తుంది" అని రిటర్న్ బాడుగ వదులుకునే వాళ్లని చూసినప్పుడల్లా నాకు ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది. మామూలు బాడుగ దొరికినా ఆ అర లీటరు డబ్బులు ఏ మూలకీ రావు.

డీజిల్‌ని నిజంగా తాగేది వేగం. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 60 దగ్గర ఉన్న అడ్డు 80 దగ్గరికొచ్చేసరికి దాదాపు 1.8 రెట్లవుతుంది. అందులోనూ మనది పికప్. క్యాబిన్ మీదికి లేచిన క్రేట్లు, దానిపైన పట్ట, గాలికి ఎదురు నిలబడ్డ గోడలాగా ఉంటుంది. చదును మీద లోడుతో 60-65లో పోతే నాకు 15 వస్తుంది. 80 దగ్గర బిగపట్టి పోతే 13 దగ్గరికి దిగుతుంది. వంద కిలోమీటర్లకి ఒక లీటరు తేడా. అంటే వంద కిలోమీటర్లు 80లో పోయినప్పుడల్లా మొగిలి ఘాట్‌ని లోడుతో ఇంకోసారి ఎక్కినట్టే. మిగిలే టైమెంత? మహా అయితే 25 నిమిషాలు. తెల్లవారేసరికి మార్కెట్లో ఉండకపోతే రేటు పడిపోతుందని నాకూ తెలుసు, ఆ టెన్షన్ నాకూ ఉంటుంది. అందుకే మండీలో లోడింగ్ వాళ్లని బతిమాలో తొందరపెట్టో అరగంట ముందు బయలుదేరతాను. ఆ అరగంట హైవే మీద దొరకదు.

పట్ట కట్టడంలో కూడా మైలేజ్ ఉంది. ముందు వైపు తాడు వదులుగా ఉంటే గాలి లోపలికి దూరి పట్ట గొడుగులా ఉబ్బుతుంది. ముందు అంచుని క్రేట్ల కిందికి మడిచి, తాడు అడ్డంగా రెండు చుట్లు వేసి బిగించండి. తిరుగు ప్రయాణంలో ఖాళీ క్రేట్లు వస్తాయి కదా, వాటిని వెనక ఎత్తుగా పేర్చకుండా క్యాబిన్‌ని ఆనుకుని, దాని ఎత్తు దాటకుండా సర్దుకోండి.

టర్బో బండిని నడిపే తీరు పాత బండి తీరు కాదు. టర్బో అంటే, ఇంజిన్ నుంచి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతలి కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఇంజిన్లోకి కుక్కుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. పొగ చాలినంత రాకపోతే చక్రం తిరగదు, గాలి రాదు. ఘాట్‌లో నాలుగో గేరులో 1,200కి పడిపోయాక కూడా గేరు మార్చకుండా కాలు నేలకి నొక్కితే జరిగేది అదే. గాలి లేకుండా డీజిల్ మాత్రం అడుగుతున్నారు. పాత బండి అయితే నల్ల పొగ కక్కుతుంది. కొత్త బండిలో కంప్యూటరే డీజిల్‌ని తగ్గించేస్తుంది. ఎట్లయినా బండి గుంజదు.

కాబట్టి ఎక్కుడు మొదలయ్యే ముందే, బండి ఊపులో ఉండగానే మూడుకి దించండి. 1,700-2,000 మధ్య ఉంచి, కాలు సగానికి కాస్త పైన నిలకడగా పెట్టండి. శబ్దం పెరిగింది కదా డీజిల్ పోతుందేమో అని భయపడొద్దు. అక్కడే టర్బో నిండుగా గాలి ఇస్తుంది, పోసిన డీజిల్ పూర్తిగా కాలుతుంది. మీ బండికి ఆర్‌పీఎం మీటర్ లేకపోతే చెవిని నమ్ముకోండి. కాలు కొంచెం నొక్కగానే బండి వెంటనే ముందుకి తూగితే సరైన గేరులో ఉన్నట్టు. నొక్కినా అర నిమిషం మూలుగుతుంటే ఒక గేరు దించాలి. చదును మీద ఐదో గేరులో 60-65 అంటే మీరు ఎలాగూ ఆ పరిధిలోనే ఉంటారు.

దిగుడు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పలమనేరు దాటి లోడుతో దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు ఇంకా చాలామందిలో ఉంది. డీజిల్ మిగులుతుందని వాళ్ల నమ్మకం. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో, అంటే కంప్యూటరే డీజిల్ లెక్క చూసుకునేవాటిలో, గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజెక్టర్లు డీజిల్ పొయ్యడం పూర్తిగా ఆపేస్తాయి. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి డీజిల్ పోయాల్సి వస్తుంది. అంటే న్యూట్రల్ వల్లే ఖర్చు ఎక్కువ. పైగా లోడంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. కాగిన బ్రేకు పట్టదు. ఇంజిన్ ఆఫ్ చేసి దిగడం ఇంకా ఘోరం. బ్రేకుకి బలం ఇచ్చే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అవుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.

పర్ఫార్మెన్స్ తగ్గిందో లేదో చూడ్డానికి మెషిన్లేమీ అక్కర్లేదు. ఘాట్‌లో మీకంటూ ఒక మలుపు గుర్తు పెట్టుకోండి. ఒకే లోడు, మూడో గేరు, ఆ మలుపు దగ్గర స్పీడెంత ఉందో రాసుకోండి. ఎప్పుడూ 40 ఉండేది 32 అయిందంటే ఏదో ఉంది. బీఎస్6 పొగ నిబంధనల కింద వచ్చిన బండ్లకి ఇది మరీ ముఖ్యం. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన డీజిల్ బండ్లలో మసిని పట్టుకునే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. దాంతో నల్ల పొగ మీకు అద్దంలో కనిపించదు. మసంతా ఫిల్టర్లో పేరుకుంటుంది, దాన్ని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ పోసుకుంటుంది. కంటికి ఏమీ కనిపించకుండానే మైలేజ్ జారిపోతుంది. పుస్తకంలో అంకె ఒక్కటే పట్టిస్తుంది.

అట్లా స్పీడు తగ్గినప్పుడు నేరుగా "టర్బో పోయింది" అనే మాట నమ్మి వేలకి వేలు పెట్టొద్దు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురికి పట్టి చూడండి. మండీ దుమ్ములో తిరిగే బండికి అది చెప్పిన గడువు కంటే ముందే నిండిపోతుంది. తర్వాత టర్బో నుంచి ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి, అక్కడ్నుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు గొట్టాలు. ఇంజిన్ చల్లారాక క్లిప్పుల పక్కన, వంపు కింది వైపు వేలితో తడుముతూ పోండి. లోపల కొంచెం ఆయిల్ చెమ్మ ఉండడం మామూలే. బయట మాత్రం ఒకచోట జిడ్డుగా తగిలి, దాని మీద దుమ్ము ముద్దలా అంటుకుని ఉంటే అక్కడ చీలిక ఉన్నట్టే. గొట్టాన్ని వంచి చూడండి. మామూలుగా ఉన్నప్పుడు ఆ చీలిక పెదవులు మూసుకునే ఉంటాయి, టర్బో గాలి నిండినప్పుడే తెరుచుకుంటాయి. అందుకే షెడ్డులో ఐడిల్‌లో పెట్టి చూసే మెకానిక్‌కి దొరకదు. సబ్బు నీళ్లు పూసి, ఇంకొకర్ని రేజ్ చేయమంటే బుడగలు రావచ్చు. లేదా ఘాట్‌లో 'బుస్' మనే శబ్దం వినిపిస్తుంది. గొట్టం మారిస్తే చాలు, టర్బో జోలికి పోనక్కర్లేదు.

టైర్లలో గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. బండి మీద స్టిక్కర్లో ముందుకి ఎంత, లోడుతో వెనక్కి ఎంత అని ఉంటుంది. నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తే తీసేయొద్దు. అట్లాగే ఓ గంట నడిపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది, లేదంటే బేరింగ్ పోతోంది.

ఘాట్ ఎక్కి పైన టీకి ఆగితే, ఆగిన వెంటనే తాళం తిప్పొద్దు. టర్బో ఇరుసు బతికేది ఇంజిన్ ఆయిల్ మీదే. ఎర్రగా కాగి ఉన్నప్పుడు ఆయిల్ ఆగిపోతే అక్కడే మాడి గడ్డ కడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే చాలు. అంతకు మించి వద్దు. మండీ లైన్లో గంటలు గంటలు ఇంజిన్ ఆడిస్తే గంటకి అర లీటరు పైనే పోతుంది.

మైలేజ్ పెంచుతామని ట్యాంకులో కలిపే మందులు, కంప్యూటర్ ట్యూనింగ్, డీపీఎఫ్ తీసేయడం, వీటి జోలికి పోవద్దు. ఫిల్టర్ తీసిన బండి పొల్యూషన్ పరీక్షలో నిలబడకపోవచ్చు, వారంటీ పోతుంది, ఆ మసి మన పిల్లలే పీల్చాలి. స్ప్రింగులకి అదనపు కట్టలు వేయించి ఓవర్‌లోడ్ చేయడం కూడా అంతే. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000. ఒక్కసారి పట్టుబడితే ఎన్నో ట్రిప్పుల మిగులు అందులో పోతుంది.

బండికి డ్రైవరుని పెట్టుకున్నవాళ్లు ఈ పుస్తకం అతని చేతికే ఇవ్వండి. మీ దారి సగటు ఎంతో ఇద్దరూ కూర్చుని తేల్చుకుని, దానికంటే మిగిల్చిన డీజిల్ డబ్బులో సగం అతనికి ఇస్తానని చెప్పండి. చెప్పినట్టే నెలాఖరున చేతిలో పెట్టండి.