దమ్ములో పాత ట్రాక్టర్ ఆగిపోతే ఏం చేయాలి?

కాలువకు నీళ్లు వదిలాక, నారు ముదరకముందే దమ్ము, అంటే నాట్లకు మడిని బురదగా దున్నే పని, పూర్తి కావాలి. పాత ట్రాక్టర్‌కు జబ్బు చేసేది సరిగ్గా ఆ వారంలోనే. ఏడాదంతా ట్రక్కు (వెనక తగిలించే ట్రాలీ) లాగుతూ తిరిగిన బండిని ఒక్కసారిగా మోకాలి లోతు బురదలో దించి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పూర్తి బరువు మీద నడిపిస్తాం. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఆ కుదుపులకు లేచి గొట్టాల్లోకి దిగుతుంది. మా ఇంట్లో ఉన్నది 35 హార్స్‌పవర్, మూడు సిలిండర్ల బండి. రంగు వెలిసి అసలు రంగేదో మేమే మరచిపోయాం. మెకానిక్ కోసం మేము ఎదురుచూసిన రోజుల్లో సగం, రెండు పానాలతో మేమే చేసుకోదగిన పనికే. మిగిలిన సగం, మేము విప్పకూడనిది విప్పినందుకు.

ముందు, ఆగిన తీరు గుర్తుచేసుకోండి

బండి ఆగగానే బానెట్ ఎత్తకండి. ముందు గేరు న్యూట్రల్‌కు తెచ్చి, పీటీవో (ఇంజన్ బలాన్ని వెనక పనిముట్టుకు అందించే ఇరుసు) కలుపు తీసి, రోటవేటర్‌ను (వెనక తగిలించిన, బురద కలియదున్నే పనిముట్టును) నేల మీదకు దించి, బ్రేకు వేయండి. తర్వాత డ్రైవరును అడగండి, మీరే డ్రైవరైతే గుర్తుచేసుకోండి: ఎలా ఆగింది?

ఇంజన్ శబ్దం ఎక్కుతూ తగ్గుతూ, దగ్గినట్టు రెండు మూడుసార్లు ఊగి ఆగితే డీజిల్ అందలేదని అర్థం. దాని సంగతి కింద వివరంగా చెబుతాను. ఠక్కున పెద్ద చప్పుడుతో పట్టేస్తే మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు, అది షెడ్డు పని. అరగంటో ముప్పావుగంటో నడిచి ఆగి, కాసేపటికి తనంతట తానే స్టార్టయి, మళ్లీ అంతే సేపటికి ఆగుతుంటే ట్యాంకు మూత చూడండి. మూతకు గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే డీజిల్ ఖాళీ అయిన చోటికి గాలి రాదు, అందుకే డీజిల్ కిందికి దిగదు. మూత తిప్పగానే బుస్సుమని గాలి పీలిస్తే దొంగ దొరికినట్టే. పుల్లతో రంధ్రం శుభ్రం చేయడానికి ఒక్క నిమిషం చాలు. ఈ ఒక్క రంధ్రం కోసం ఫిల్టర్లు, గొట్టాలు మార్పించుకున్నవాళ్లను నేను చూశాను.

ఇంకో రెండు చిన్న విషయాలు. ఇంజన్ ఆపే తీగ పూర్తిగా లోపలికి వెళ్లిందా? ట్యాంకు కింద కుళాయి తెరిచే ఉందా? నవ్వకండి, ఈ రెండింటికీ మనుషులు పక్క ఊరికి మోటారు సైకిల్ మీద వెళ్లారు.

డీజిల్ లైనులో గాలి తీయడం

డీజిల్ ఇంజన్‌లో మంట పుట్టించే ప్లగ్గు ఉండదు. ఇంజక్షన్ పంపు డీజిల్‌ను విపరీతమైన ఒత్తిడితో నాజిల్ దాకా నెడితే, అది మంచులా చిమ్మి వేడి గాలిలో అంటుకుంటుంది. డీజిల్ నొక్కుకుపోదు కాబట్టే ఆ ఒత్తిడి నిలుస్తుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే, పంపు ఎంత తోసినా బుడగ స్పంజిలా కుంచించుకుంటుంది తప్ప నాజిల్ తెరుచుకోదు. అందుకే గాలి పట్టిన బండికి ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ దిగిపోవడమే మిగులుతుంది.

గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ట్యాంకు అడుగంటినా, ఫిల్టర్ మార్చినా పడుతుంది. ఈ రెండూ కాకపోతే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనున్న గొట్టాన్ని అనుమానించండి. ఆ భాగంలో పంపు డీజిల్‌ను లాగుతుంది కాబట్టి, సన్నని చీలిక ఉంటే డీజిల్ బయటికి కారడం కంటే గాలి లోపలికి పోవడమే ఎక్కువ. బయట పొడిగా ఉంది కదా అని వదిలేయకండి. రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి, చీలికలు అప్పుడు నోరు తెరుస్తాయి.

పని మొదలుపెట్టే ముందు ట్యాంకులో కనీసం పది లీటర్ల డీజిల్ పోయండి. ఫిల్టర్ల చుట్టూ ఉన్న బురదను గుడ్డతో తుడవండి. దమ్ములో ఇది ముఖ్యం, మరను విప్పిన చోట ఇసుక రేణువు పడితే అది నేరుగా పంపు దాకా పోతుంది. ఫిల్టర్ కింద గాజు గిన్నె ఉంటే దాన్ని విప్పి, అడుగున చేరిన నీటిని పారబోయండి.

ఇప్పుడు గాలి తీయాలి. ట్యాంకు వైపు నుంచి ఇంజన్ వైపుకు, ఒకదాని తర్వాత ఒకటి. వరుస తప్పితే వెనకున్న గాలి మళ్లీ ముందుకు వస్తుంది.

1. మొదటి ఫిల్టర్ తల మీద ఉన్న చిన్న మరను రెండు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయకండి. ఫీడ్ పంపుకు ఉన్న చేతి పంపును పైకీ కిందికీ కొట్టండి. ముందు నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత నికరంగా డీజిల్ వస్తుంది. డీజిల్ కారుతుండగానే మరను బిగించండి.

2. రెండో ఫిల్టర్ ఉంటే దానికీ ఇదే పని.

3. ఇంజక్షన్ పంపు మీద కూడా గాలి తీసే మర ఉంటుంది. అక్కడ తొందరపడకండి. బుడగలు ఆగాయనుకున్నాక ఇంకో పది పదిహేను సార్లు కొట్టండి. చివరి బుడగ ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

4. నాజిళ్ల దగ్గర సన్నని ఇనుప గొట్టాల నట్లను ఒక చుట్టు వదులు చేసి, యాక్సిలరేటర్ సగం పైన పెట్టి సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చుక్కలు ఎగిరిపడగానే ఒక్కొక్క నట్టునూ బిగించండి. తరచుగా రెండోది బిగించేలోపే ఇంజన్ అందుకుంటుంది.

చేతి పంపు బదులు మీట ఉండే బండ్లలో ఒక తిరకాసు ఉంది. ఒక్కోసారి మీట కొడుతుంటే ఏ బరువూ తెలియకుండా వదులుగా ఆడుతుంది. పంపు పాడైందని కంగారుపడతారు. లోపల కామ్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ పంపును నొక్కే మిట్ట) దాన్ని ముందే నొక్కి పట్టిందన్నమాట. సెల్ఫ్ ఒక్క క్షణం కొట్టి ఇంజన్‌ను కొద్దిగా తిప్పండి, మీటకు పట్టు దొరుకుతుంది.

నాజిల్ దగ్గర చేతులు జాగ్రత్త. అక్కడ చిమ్మే డీజిల్ చర్మంలోకి సూదిలా దిగగలదు. చూడ్డానికి చిన్న గాటులా ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియదు. అలా జరిగితే పసుపు పెట్టి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి పోయిందని చెప్పండి. వేళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

బిగించిన చోట చెమ్మ కనిపిస్తే లోపం మరది కాకపోవచ్చు, కింద ఉన్న రాగి వాషరుది కావచ్చు. కొత్తది దొరకకపోతే పాతదాన్ని పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి. రాగి మెత్తబడి మళ్లీ అతుక్కుంటుంది. నట్టును ఇంకా ఇంకా బిగిస్తే మాత్రం మర దారి పోతుంది.

స్టార్టయ్యాక కాసేపు తెల్లపొగ వస్తే భయం లేదు. గంట తర్వాత కూడా వదలకపోతే, లేదా ఒక సిలిండర్ పని చేయనట్టు తడబడుతుంటే పంపో నాజిలో చూపించాలి. వాటిని పరీక్షించే యంత్రం ఉన్న చోటే విప్పాలి, గట్టు మీద కాదు. ఒకసారి ఆ పని నేను గట్టు మీదే చేశాను, ఆ ఏడాది దమ్ము కిరాయి బండితో అయింది.

సెల్ఫ్ తిరగకపోతే

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒకసారికి పది సెకన్లు దాటించకండి, మధ్యలో అర నిమిషం ఆగండి. టక్ మని శబ్దం వచ్చి తిరగకపోతే, బ్యాటరీ కొనే ముందు దాని తలల మీద పట్టిన తెల్లటి, పచ్చటి పొడి చూడండి. మైనస్ వైరు ముందు విప్పి, వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించి, వేజలీన్ రాయండి. బ్యాటరీ నుంచి బండి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు రెండో కొసనూ మరవకండి, తుప్పు ఎక్కువగా పట్టేది అక్కడే.

స్టార్టర్ మోటారు బోల్టులకు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానుకోండి. నేల మీద, పెద్ద చక్రానికి ముందు నిలబడి చేసే పని అది. గేరులో ఉంటే బండి స్టార్టయి మనిషి మీదుగానే పోతుంది. మా పెరట్లో ఒకసారి అలాగే కదిలితే గడ్డివాము అడ్డుపడి ఆపింది.

వేడెక్కితే

ఇంజన్ వేడి చూపే ముల్లు ఎరుపులోకి వెళితే రేడియేటర్ మూత తీయకండి, చల్లనీళ్లు పోయకండి. వేడి ఇనుముకు చల్లనీళ్లు తగిలితే హెడ్డు పగులుతుంది. చల్లారాక రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న గడ్డి, ఊక ఇంజన్ వైపు నుంచి బయటికి వెళ్లేలా నీళ్లతో కొట్టండి. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ పాలు కలిసిన కాఫీలా కనిపిస్తే లోపలికి నీళ్లు చేరాయి. ఆ ఇంజన్‌ను ఇక నడపకండి.

దిగబడితే

వెనక చక్రాలు ఇరుసు దాకా దిగితే, చక్రాల ముందు మోటు కర్ర అడ్డం కట్టి గేరు వేయడం మన ఊళ్లలో పాత చిట్కా. ప్రాణాలు తీసే చిట్కా కూడా. కర్ర పట్టేసి చక్రం తిరగలేకపోతే ఇంజన్ బలం ఊరుకోదు, బండి ముందు భాగాన్నే పైకి లేపి వెనక్కి తిరగేస్తుంది. డ్రైవరు క్లచ్ తొక్కేలోపే అది అయిపోతుంది. దానికి బదులు రోటవేటర్ విప్పి పక్కన పెట్టండి, చక్రాల వెనక బురద తవ్వి, వచ్చిన దారినే రివర్సులో రండి. వేరే బండితో లాగించాల్సి వస్తే గొలుసును ఆ బండి కింది కొక్కేనికే తగిలించండి, ఎత్తులో ఉన్న ఇరుసుకు ఎప్పుడూ కట్టకండి. గొలుసు పొడవుకు అటూ ఇటూ ఎవరినీ నిలబడనీయకండి.

దమ్ము ముగిసి బండిని గట్టెక్కించాక, క్లచ్ హౌసింగ్ అడుగున బిగించిన బిరడా ఉంటే విప్పి నీళ్లు కారనివ్వండి. నీళ్లు లోపలే ఉండిపోతే క్లచ్ ప్లేటు తుప్పుతో అతుక్కుపోతుంది, మళ్లీ ట్రక్కు కట్టే రోజున గేరు పడదు. పొలంలో మలుపుల కోసం విడదీసిన కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కూడా రోడ్డెక్కే ముందే కలిపి గొళ్లెం వేయండి.