ప్రిన్స్ ఆఫ్ పర్షియా నేర్చుకుందాం – నాలుగో పాఠం: షిఫ్ట్ కీ, మళ్లీ షిఫ్ట్ కీ

నిజానికి ఈ వారం ఈ పాత కంప్యూటర్ ఆటలోని గేట్ల గురించి చెప్పాలి. పోయినసారి నేను రాసిన ఒక వాక్యం చాలామందిని గోతిలో పడేసింది కాబట్టి గేట్లు వచ్చే వారానికి వాయిదా.

ఆ వాక్యం ఇది: "అంచు దగ్గర షిఫ్ట్ పట్టుకుని యారో నొక్కితే పడడు." నమ్మి నొక్కారు. పడ్డాడు. తప్పు నాదే, సగం చెప్పి ఊరుకున్నాను. షిఫ్ట్ నడకలో మనవాడు, అంటే మనం నడిపించే ఆట బొమ్మ, అంచు దాకా వెళ్లి ఆగుతాడు, అది నిజం. ఇంకోసారి నొక్కితే పాదం చాచి ముందు ఏముందో తడిమి చూసి వెనక్కి తీసుకుంటాడు. అది హెచ్చరిక. దాన్ని చూసి కూడా మళ్లీ నొక్కితే "సరే, నీ ఇష్టం" అన్నట్టు కిందికి దిగిపోతాడు. అంటే షిఫ్ట్ నడక కాపాడేది ఒక్కసారే. పాదం తడిమిందంటే అక్కడితో చెయ్యి తీసేయండి.

దీని తర్వాత ఇంకో గొడవ. షిఫ్ట్ భద్రం అన్నాను కదా అని కొందరు లెవెల్ మొత్తం షిఫ్ట్ మీదే నడిచారు. గంటలో యువరాణిని చేరాలి. స్పేస్ బార్ నొక్కి చూసుకోండి, ఎన్ని నిమిషాలు మిగిలాయో చెబుతుంది. చచ్చిపోతే లెవెల్ మొదటికి వస్తుంది గానీ గడియారం వెనక్కి రాదు. పోనీ నిదానంగా అయినా క్షేమంగా వెళ్లారా అంటే అదీ లేదు, వదులు పలక మీద షిఫ్ట్ నడక ఏమాత్రం పనిచేయదు. మెల్లగా కాలు పెట్టినా అది ఊగి రాలిపోతుంది, మీరూ దాంతోపాటే. వదులు పలకని కనిపెట్టాలంటే ఉన్నచోటే పైకి ఒక గెంతు వేయండి, అదే వరుసలో ఉన్న వదులు పలకలన్నీ గలగలమంటాయి. ఏవో తెలిశాక వాటి మీద నడవొద్దు, పరిగెత్తి దాటేయండి. నేలలోంచి లేచే ములుకుల దగ్గర మాత్రం పూర్తిగా తలకిందులు. పరిగెత్తినా, వాటి మీదికి దూకినా ప్రాణం పోతుంది, షిఫ్ట్ నడకతో వాటి మధ్యలోంచి హాయిగా వెళ్లిపోవచ్చు.

డాస్‌బాక్స్ (పాత డాస్ ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లో నడిపే ప్రోగ్రామ్) పెట్టుకోవడం, యారో కీలు ఏవి, ఎడమేది కుడేది లాంటివి చెప్పను, అవి తెలియకుండా నాలుగో పాఠం దాకా వచ్చి ఉండరు.

పోయిన ఆదివారం మా మేనల్లుడిని కూర్చోబెట్టాను. ఇంటర్ సెకండియర్, ఫోన్‌లో తుపాకుల ఆటలు తప్ప ఇంకేం ఆడలేదు. వాడి మొదటి మాట, "మావయ్యా, పాట లేదేంటి?" నిజమే, అక్కడక్కడా చిన్న బిట్లు తప్ప ఈ ఆటంతా నిశ్శబ్దమే, అడుగుల చప్పుడు వింటూ పోవాలి. రెండో మాట, "మ్యాప్ ఏదీ?" లేదు. మూడోది, "సేవ్?" మూడో లెవెల్ దాకా లేదు, ఆ తర్వాత కంట్రోల్-జి. కాసేపటికి వాడికి కోపం వచ్చింది. "నేను నొక్కాక ఆలస్యంగా కదులుతున్నాడు, కీబోర్డు పాడైంది."

కీబోర్డు బాగానే ఉంది. జోర్డన్ మెక్నర్ ఈ ఆటని ఆపిల్ టు కంప్యూటర్ కోసం తయారు చేసేటప్పుడు తన తమ్ముడు డేవిడ్‌ని పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా చూసి గీసుకున్నాడు. ఆట 1989లో వచ్చింది, మనం ఆడే డాస్ రకం ఆ మరుసటి ఏడు. నిజం మనిషిని చూసి గీసినందుకే వీడికి ఒళ్లు ఉంది, బరువు ఉంది. పరుగు అందుకోవడానికి రెండు అంగలు కావాలి, ఆగడానికి కొంత నేల కావాలి, మొదలుపెట్టిన అడుగుని పూర్తి చేసిగానీ మీ తర్వాతి మాట వినడు. ఫోన్ ఆటల్లో లాగా నొక్కిన క్షణంలో తిరిగే బొమ్మ కాదు. "అయితే ముందే నొక్కాలా?" అన్నాడు మావాడు. అక్కడే దొరికిపోయాడు, ఇవాళ్టి అసలు పాఠం అదే.

ఈ ఆటలో నాకు ఒళ్లు మండించే తప్పు ఒకటే: షిఫ్ట్‌ని ముందే నొక్కి కూర్చోవడం. ఎందరికి నేర్పినా అందరూ ఇదే చేస్తారు, అందుకే కాస్త సాగదీసి చెబుతాను, విసుక్కోకండి.

షిఫ్ట్ ఒకటే కీ, పనులు మాత్రం నాలుగు. నేల మీద యారోతో కలిపి నొక్కితే జాగ్రత్త అడుగు. ఏదైనా వస్తువు ముందు నిలబడి నొక్కితే దాన్ని తీసుకుంటాడు, సీసా అయితే తాగేస్తాడు. కత్తి దూసి ఉంటే పోటు. గాల్లో ఉన్నప్పుడు పట్టు. ఎప్పుడు నొక్కారన్నదే పని మారుస్తుంది.

మావాడు ఏం చేశాడో చూడండి. ముందు ఒక పెద్ద ఖాళీ, అవతల అంచు. పరిగెత్తి దూకి ఆ అంచు పట్టుకోవాలి. వాడి ఎడమ చిటికెన వేలు షిఫ్ట్ మీద ముందే గట్టిగా నొక్కి ఉంది, "మర్చిపోతానేమోనని" అట. కుడిచేత్తో యారో నొక్కాడు. షిఫ్ట్ ఉంది కాబట్టి పరుగు మొదలవలేదు, ఒక బుల్లి అడుగు పడింది. మళ్లీ నొక్కాడు, ఇంకో బుల్లి అడుగు. అంచు. పాదం తడిమింది. మళ్లీ నొక్కాడు. మూడంతస్తుల కింద పడి ఉన్నాడు. (ఒక అంతస్తు పడితే ఏమీ కాదు, రెండు పడితే తెర కింద ప్రాణం చూపించే త్రిభుజాల్లో ఒకటి పోతుంది, మూడైతే అంతే.)

రెండోసారి తిట్టాను కాబట్టి షిఫ్ట్ అసలు నొక్కలేదు. పరుగు బాగుంది, దూకుడు బాగుంది, అవతలి అంచు వేళ్లకి అందేంత దగ్గరికి వచ్చి పక్కనుంచి జారి పడిపోయాడు. మూడోసారి అంచు కనబడ్డాక నొక్కాడు, అప్పటికే ఆలస్యం.

సరైన వరుస చెబుతాను, పైకే అనుకుంటూ చేయండి. అంచుకి కనీసం రెండు పలకల వెనక నిలబడండి, మూడైతే ఇంకా మేలు. ఎడమ చిటికెన వేలు షిఫ్ట్ మీద ఆనించి ఉంచండి, నొక్కొద్దు. కుడిచేత్తో యారో పట్టి పరుగు తీయించండి. రెండు అంగలు పడ్డాక యారో వదలకుండానే పైకి యారో కూడా నొక్కండి. పాదాలు నేల వదిలిన క్షణాన షిఫ్ట్ నొక్కండి, నొక్కి పట్టుకోండి. చేతులు అంచుకి చిక్కి వేలాడాక షిఫ్ట్ మాత్రం వదలొద్దు, వదిలారంటే వాడూ వదిలేస్తాడు. పైకి నొక్కితే ఎక్కుతాడు. నేను "పరుగు, పరుగు, పైకి, పట్టు" అనుకుంటూ చేస్తాను. కుడివైపు షిఫ్ట్ ఎప్పుడూ వాడను, యారోలకి దగ్గరగా ఉండి వేళ్లు కలగాపులగం అవుతాయి. అది నా అలవాటు, మీకు కుడిదే బాగుంటే గొడవ లేదు.

ఈ పరుగు దూకుడు చేతికి రాకపోతే ముందుముందు కష్టం. నాలుగో లెవెల్లో ఒక అద్దం దారికి అడ్డంగా వస్తుంది, దాన్ని కూడా పరిగెత్తి దూకే దాటాలి. దూకాక ఏమవుతుందో చెప్పను, మావాడు "ఆఁ!" అన్నట్టు మీరూ అనాలి.

షిఫ్ట్ ముందే నొక్కి తిరిగేవాళ్లకి ఇంకో శిక్ష సీసాల దగ్గర పడుతుంది. ఎర్ర బుడగల సీసా పోయిన ప్రాణం ఒకటి తెస్తుంది, నీలం బుడగలది ఒకటి తీసేస్తుంది. సీసా ముందు ఆగి షిఫ్ట్ తగిలిస్తే చాలు, వాడు అడగడు, ఎత్తి గటగటా తాగేస్తాడు.

దిగడానికి కూడా ఇదే పట్టు. ఎత్తు నుంచి అలా నడిచి పడిపోకండి. అంచు దాకా షిఫ్ట్ నడకతో వెళ్లి, వెనక్కి తిరిగి, వీపు గోతివైపు పెట్టి షిఫ్ట్, కింది యారో కలిపి నొక్కండి. దిగి వేలాడతాడు. అప్పుడు వదిలితే పడే ఎత్తు దాదాపు ఒక అంతస్తు తగ్గినట్టే. మేం తొంభైల్లో డాస్ నేర్చుకోవడానికి వెళ్లిన సెంటర్లో ల్యాబ్ టైమ్ కూడా సరిగ్గా గంటే, సార్ అటు తిరగ్గానే ఫ్లాపీ పెట్టేవాళ్లం, అక్కడ ఎవరూ ఇలా వేలాడి దిగడం చూపించలేదు. ఒక ఏడాదంతా దూకి దూకి త్రిభుజాలు పోగొట్టుకున్నాం.

కత్తి గురించి ఒక్క ముక్క, ఎందుకంటే ఇద్దరు ముగ్గురు అడిగారు: మొదటి లెవెల్లో కాపలావాడి దగ్గరికి వట్టి చేతులతో వెళ్తే ఒక్క పోటుకే పోతారు. కత్తి అదే లెవెల్లో అస్థిపంజరం పక్కన నేల మీద పడి ఉంది. ముందు అది తెచ్చుకోండి. పోట్లాట ఆరో పాఠంలో.

అభ్యాసం. మొదటి లెవెల్ మొదట్నుంచి మొదలుపెట్టి, కత్తి తీసుకుని, కాపలావాడు కనబడేదాకా తిరిగి రావాలి. మూడు త్రిభుజాలూ నిండుగా ఉండాలి, సీసా తాగి నింపుకోవడం చెల్లదు. ఒక అంతస్తు ఎత్తు అయినా సరే, ప్రతి దిగుడూ వేలాడే దిగాలి. మొత్తం ఐదు నిమిషాల్లో, అంటే స్పేస్ నొక్కితే 55 లేదా అంతకన్నా ఎక్కువ కనబడాలి. ఇలా వరుసగా మూడుసార్లు. మధ్యలో ఒకసారి తప్పితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. కఠినమే, నాకు కూడా రోజూ కుదరదు. మావాడు ఆదివారం రాత్రి పదకొండున్నరకి రెండు వరుసగా కొట్టి, మూడోదాంట్లో కత్తి చేతికి వచ్చిన ఆనందంలో వదులు పలక మీద నిలబడిపోయాడు.