అమ్మాయి పురిటికి అమెరికా వెళ్తున్నారా? పెట్టె ఇలా సర్దుకోండి

అమ్మాయి పురిటికని ఆర్నెల్లు అమెరికా వెళ్లే తల్లి పెట్టె తెరిచి చూడండి. అడుగున ఆవకాయ, పైన పొడులు, మధ్యలో పుట్టబోయే బిడ్డకు బొంతలు. ఆవిడ చీరలు, మందులు మాత్రం చివర్లో, చోటు మిగిలితేనే. మా అమ్మ మొదటిసారి అలాగే వెళ్లింది. ఉన్న ఒక్క కళ్లజోడు రెండో నెలలో విరిగిపోయింది. కొత్తది వచ్చేదాకా టీవీ చూడలేక, పుస్తకం చదవలేక ఎంత ఇబ్బంది పడిందో! అందుకే చెబుతున్నాను, ముందు మీ సామాను సర్దుకోండి. పిల్లల కోసం పట్టుకెళ్లేవి ఆ తర్వాతే.

1. టికెట్ చూడండి

చాలా ఎకానమీ టికెట్లలో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, 7 లేదా 8 కిలోల క్యాబిన్ బ్యాగు ఒకటి తీసుకెళ్లనిస్తారు. కొన్నిట్లో ఒక్క పెట్టే ఉంటుంది కాబట్టి మీ టికెట్ మీద ఉన్నదే లెక్క. ఖాళీ పెట్టె కూడా నాలుగైదు కిలోలు తూగుతుందని మర్చిపోకండి. చేతితో పట్టుకుని తూచే చిన్న కాటా కొనుక్కుని, 22 కిలోల దగ్గర ఆపేయండి. ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పి తీసేసే టెన్షన్ ఉండదు.

2. క్యాబిన్ బ్యాగు

దీనికి మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించండి. పాస్‌పోర్టు, టికెట్, ఇన్సూరెన్సు కాగితాలు ఇందులో పెట్టుకోండి. అమ్మాయి చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు.

మందులన్నీ ఇందులోనే. పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చినా బీపీ మాత్ర ఆగకూడదు కదా. స్ట్రిప్పుల నుంచి తీసి డబ్బాల్లో పోయకండి, కంపెనీ ప్యాకింగ్‌తోనే ఉంచండి. డాక్టరు చీటీలో బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి. మన పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. సొంత వాడకానికి సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులే తీసుకెళ్లాలి. మిగతా మూడు నెలల సంగతి బయలుదేరకముందే డాక్టరుతో, అమ్మాయితో మాట్లాడి తేల్చుకోండి. ఇన్సులిన్‌ను కింద వేసే పెట్టెలో అస్సలు పెట్టకండి, ఆ చలికి గడ్డకట్టి పాడవ్వొచ్చు.

రెండో కళ్లజోడు, పవర్ బ్యాంకు, ఒక జత బట్టలు, స్వెటరు, సాక్సులు కూడా ఈ బ్యాగులోనే.

3. మీ పెట్టె

ఇంట్లో కట్టుకునే నూలు చీరలు ఆరేడు, పట్టుచీర ఒకటి చాలు. అక్కడ వాషింగ్ మెషీను, డ్రైయర్ ఉంటాయి. జాకెట్లు మాత్రం ఎక్కువ కుట్టించుకోండి, మన కొలతకు కుట్టేవాళ్లు అక్కడ దొరకడం కష్టం. చలికోటు ఇక్కడ కొనకండి, బరువు దండగ. చలికాలంలో దిగుతుంటే ఎయిర్‌పోర్టుకు తెమ్మని అమ్మాయికి చెప్పండి. భార్యాభర్తలు ఇద్దరూ వెళ్తుంటే ఒకరి బట్టలు రెండు జతలు మరొకరి పెట్టెలో వేయండి. ఒక పెట్టె రాకపోయినా ఇబ్బంది ఉండదు.

4. పిల్లల పెట్టె

కందిపప్పు, చింతపండు, ఇడ్లీరవ్వ అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, మోయకండి. మీ చేత్తో చేసినవే పట్టుకెళ్లండి: ఆవకాయ, కందిపొడి, ఒడియాలు, బాలింతకు పెట్టే కారప్పొడి. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీరలు కూడా. పసిబిడ్డ ఒంటికి అంత మెత్తటి గుడ్డ ఏ షాపులోనూ దొరకదు.

పచ్చడి డబ్బా మూత బిగించి, రాత్రంతా తలకిందులుగా పేపరు మీద పెట్టండి. పొద్దున నూనె మరక కనిపిస్తే డబ్బా మార్చండి. మూతకు టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో వేసి, పాత తువ్వాలు చుట్టి పెట్టె మధ్యలో ఉంచండి.

కోడి, మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు అమెరికాలోకి రానివ్వరు. ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు వస్తుందన్న భయంతో మన బియ్యం, శనగలు కూడా వద్దంటారు. ఎండుకొబ్బరి నిప్పంటుకునే సరుకని మన ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. మిక్సీ ఆశ వదులుకోండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. పొయ్యి మీద పెట్టే ప్రెషర్ కుక్కర్ అయితే తీసుకెళ్లొచ్చు.

తినేవన్నీ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాయించుకోండి. ఆవకాయ అంటే అక్కడి అధికారికి తెలియదు, మ్యాంగో పికిల్ అంటే తెలుస్తుంది. తినేవి ఏమున్నాయో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పాక వద్దంటే ఆ వస్తువు తీసేసుకుంటారంతే. దాచి దొరికితే జరిమానా పడుతుంది.

5. బయలుదేరే రోజు

రెండు పెట్టెలకూ ఒకే రంగు రిబ్బను కట్టి ఫొటో తీసుకోండి. దారిలో విమానం మారాల్సి ఉంటే, సాధారణంగా అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. నగలు ఎక్కువగా ఉంటే ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

గడప దాటే ముందు పాస్‌పోర్టు, మందులు, రెండో కళ్లజోడు క్యాబిన్ బ్యాగులో ఉన్నాయో లేదో చేత్తో తాకి చూసుకోండి.