వంకర తిరిగిన మోడల్ కిట్ ముక్కలను అతికించడం ఎలా?

ఇది ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ బొమ్మ విమానం కిట్టు. పెట్టె తెరిచేసరికి విమానం బాడీ రెండు సగాలూ కార్తీకంలో దీపాలు వదిలే అరటిదొప్పల్లా చెరో పక్కకు వంగి ఉన్నాయి. టీయూ-142 గస్తీ విమానం, 1/144 స్కేలు, అంటే అసలుదానిలో 144వ వంతు. అసలు విమానం 53 మీటర్లు కాబట్టి ఈ మోడల్ 37 సెంటీమీటర్లు వస్తుంది. ముక్కు దగ్గర కలిపి పట్టుకుంటే తోక దగ్గర వేలు దూరేంత సందు. ఇలాంటప్పుడు చాలామంది జిగురు దట్టంగా పూసి బిగించేస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. బలవంతంగా మూసిన అతుకు ఎప్పుడో ఒకప్పుడు, తరచుగా రంగు వేశాకే, విచ్చుకుంటుంది. ముందు వంపు తీయాలి, తర్వాతే జిగురు.

అంతకంటే ముందు, అది నిజంగా వంకరేనా అని చూసుకోండి. ఈ కిట్టులో రెక్కలు చివరలకు వెళ్లేకొద్దీ కాస్త కిందికి వాలి ఉంటే, వాటినీ సరిచేయబోయాను. అనుమానం వచ్చి విజయనగరం నుంచి బస్సులో విశాఖ వెళ్లాను. 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2017లో విరమించిన టీయూ-142 అక్కడ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఉంది. ముక్కుకు ఎదురుగా నిలబడి చూస్తే రెక్కలు నిజంగానే కిందికి వాలి ఉన్నాయి. చూడకపోతే సరైన రెక్కలను పాడుచేసేవాణ్ణి. అంత దూరం వెళ్లలేకపోతే ఎదురు నుంచి తీసిన ఫోటో ఒకటి దగ్గర పెట్టుకోండి.

ముక్కలను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడి రావడానికి వాడిన నూనె మిగిలి ఉంటే జిగురు, రంగు పట్టవు.

ఇప్పుడు జిగురు లేకుండా రెండు సగాలనూ కలిపి ట్యూబులైటు వైపు పట్టి చూడండి. వెలుగు ఎక్కడ కనిపిస్తోందన్నది కాదు, ఎక్కడ ఆగిపోయిందన్నది ముఖ్యం. సగాలు తగులుకుంటున్నది అక్కడే. ఒక అంచుకు స్కెచ్ పెన్ను రాసి, తడి ఆరకముందే రెండోదానికి నొక్కితే మచ్చ పడిన చోటు దొరికిపోతుంది. నా కిట్టులో రెక్క మొదలు దగ్గర నువ్వుగింజంత ప్లాస్టిక్ మొటిమ ఉంది, ముక్కలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి కత్తిరించినప్పుడు మిగిలింది. దాన్ని బ్లేడుతో అంచుకు సమంగా కోసేస్తే సగం సందు పోయింది! లోపలి కాక్‌పిట్ ముక్క అడ్డుపడుతుంటే దాని పక్కలను అరగదీయండి. సగాలను కలిపే చిన్న ప్లాస్టిక్ మేకులు ఒకదానికొకటి ఎదురుగా లేకపోతే కోసి పారేయండి, అవి లేకపోయినా నష్టం లేదు.

అప్పటికీ మిగిలిన వంపుకు వేడినీళ్లు. కిట్టు ప్లాస్టిక్, అంటే పాలీస్టైరీన్, 100 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది కాబట్టి నీళ్లు తెర్లనివ్వకుండా, ఆవిరి బాగా వస్తుండగానే దించేయండి. వంటకు వాడని గిన్నె తీసుకోండి. వంగిన భాగాన్ని పట్టకారుతో 15 సెకన్లు ముంచి, ఎదురు వైపుకు అవసరమైన దానికంటే పిసరు ఎక్కువగా వంచి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టండి. ఒక్కసారికే రాదు. నాకు తోక భాగానికి నాలుగుసార్లు పట్టింది. కొవ్వొత్తి మంట జోలికి మాత్రం వెళ్లవద్దు, చెక్కిన గీతలు కరిగిపోతాయి.

మోడల్ జిగురు ప్లాస్టిక్‌నే కరిగించి ఒకటి చేస్తుంది. దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి పొయ్యి ఆర్పి, కిటికీలు తెరిచి, వేరే గదిలో కూర్చోండి. మొత్తం ఒకేసారి అతికించకండి. ముక్కు దగ్గర రెండంగుళాలు కలిపి టేపు వేసి, అతుకు మీద కుంచె తాకిస్తే పలుచని జిగురు తనంతట తానే సందులోకి పాకుతుంది. టేపు అంచు కిందికి పోనివ్వకండి, అక్కడ మరక పడుతుంది. అరగంట ఆగి మరో రెండంగుళాలు. పట్టు కోసం బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు చాలు. రెక్క తగిలే చోట బాడీ లోపలికి కుంగితే, ఫ్రేము పుల్ల ఒకటి తగిన పొడవుకు కోసి లోపల అడ్డంగా నిలబెట్టండి.

మిగిలిన సన్నని సందులకు ఫ్రేము ముక్కలు తరిగి కొంచెం జిగురులో ఒక రాత్రి నానబెడితే ముద్దవుతుంది, అదే పుట్టీ. ఆరితే కుంగుతుంది కాబట్టి కొంచెం ఉబ్బుగా పెట్టి, రెండు రోజులాగి, 400, 600, 1000 నంబర్ల వాటర్ పేపరుతో తడిపి రుద్దండి.

కిటికీ అద్దాలుగా వచ్చే పారదర్శక ప్లాస్టిక్ ముక్కలను వేడినీళ్లలో వంచకండి, పగులుతాయి. సూపర్ గ్లూ ఆవిరికి తెల్లగా మసకబారతాయి కాబట్టి వాటికి ఫెవికాల్ వాడండి.

రెక్కలు అతికించాక రెండు చివరల కిందా ఒకే మందం ఉన్న అగ్గిపెట్టెలు పేర్చి, ఎదురు నుంచి చూసి, వాలు రెండు వైపులా ఒకేలా ఉందనిపించాక తెల్లవారేదాకా కదపకండి.