తిరుపతిలో ఇల్లు మారారా? ఓటు కూడా మార్చుకోవడం ఎలా?

బైరాగిపట్టెడలో అద్దె భరించలేక తిరుచానూరు వైపు ఇల్లు తీసుకున్నారనుకోండి. నాలుగైదు కిలోమీటర్ల దూరం, అవే ఆటోలు, పిల్లల స్కూలు కూడా మార్చక్కర్లేదు. కానీ ఆ సామాను దించిన రోజే మీ ఎమ్మెల్యే మారిపోయారు, ఎంపీ కూడా మారిపోయారు. "మనది తిరపతే కదన్నా, ఓటు ఎక్కడుంటే ఏంలే" అని చాలామంది అలాగే వదిలేస్తారు. తర్వాత ఎన్నికల ముందు రోజు రాత్రి స్లిప్పు రాలేదని టెన్షన్ పడతారు. ఈ పని ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, పైసా ఫీజు లేదు. ఎటొచ్చీ ఏ ఫారం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనే రెండు దగ్గర్లే జనం తప్పటడుగు వేస్తారు.

ముందు మీరు ఏ నియోజకవర్గంలో ఉన్నారో తేల్చుకోండి

తిరుపతి అసెంబ్లీ నియోజకవర్గం అంటే టౌనూ, పైన తిరుమలా. తిరుచానూరు, అవిలాల, పేరూరు ఉన్న తిరుపతి రూరల్ మండలం మాత్రం చంద్రగిరి నియోజకవర్గంలోకి వస్తుంది. చంద్రగిరి పోయి చిత్తూరు లోక్‌సభలో కలుస్తుంది. అంటే టౌన్లో ఉన్నవాళ్ళ ఎంపీ తిరుపతి ఎంపీ, రూరల్లో ఉన్నవాళ్ళ ఎంపీ చిత్తూరు ఎంపీ. ఇంకోవైపు రేణిగుంట, ఏర్పేడు మండలాలు శ్రీకాళహస్తి నియోజకవర్గం, అది మళ్ళీ తిరుపతి లోక్‌సభలోనే ఉంది. ఐఐటీ తిరుపతి పేరులోనే తిరుపతి ఉంది గానీ, ఏర్పేడు దగ్గర హాస్టల్లో ఓటు పెట్టుకున్న విద్యార్థి శ్రీకాళహస్తి ఎమ్మెల్యేని ఎన్నుకుంటాడు.

ఇంత గందరగోళం ఎందుకంటే, నియోజకవర్గాల హద్దులు 2001 జనాభా లెక్కల మీద 2008లో డీలిమిటేషన్‌తో, అంటే నియోజకవర్గాల పునర్విభజనతో గీసినవి. జిల్లాలను రాష్ట్ర ప్రభుత్వం 2022 ఏప్రిల్ 4న కొత్తగా విడగొట్టింది. ఆ గీతా ఈ గీతా ఒకటి కాదు. వడమాలపేట వాళ్ళనే చూడండి, కలెక్టరేమో తిరుపతిలో, ఎమ్మెల్యే నగరిలో, ఎంపీ చిత్తూరులో. ఒక పంచాయతీని రేపు కార్పొరేషన్‌లో కలిపినా అసెంబ్లీ హద్దు మాత్రం కదలదు, మళ్ళీ డీలిమిటేషన్ జరిగేదాకా అంతే. కాబట్టి "మాకు కార్పొరేషన్ ట్యాక్సు వస్తోంది, మేం తిరుపతి ఓటర్లమే" అని మీకు మీరే తీర్మానించుకోవద్దు. ఎన్నికల సంఘం పోర్టల్లో కొత్త ఇంటి పక్కవాళ్ళ పేరుతో వెతికితే వాళ్ళు ఏ నియోజకవర్గమో, ఏ పోలింగ్ కేంద్రమో వచ్చేస్తుంది. లేదంటే ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి.

మీ ఓటు ఎక్కడ ఉండాలి?

చట్టం చూసేది మీరు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారన్నదే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ఈ విషయంలో సూటిగా ఉంటుంది. ఒక ఊళ్ళో మీకు సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడి ఓటరు అయిపోరు. అలాగే పనిమీద కొంతకాలం బయటికి పోయినంత మాత్రాన ఓటు పోదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, కాపురం అక్కడే పెట్టి, సంక్రాంతికీ గంగజాతరకీ మాత్రం వచ్చిపోయేవాళ్ళు ఈ రెండు వాక్యాల మధ్య ఎక్కడో ఉంటారు. నా లెక్కలో అయితే భార్యాపిల్లలతో సహా అక్కడే ఉంటున్నవాళ్ళు అక్కడికి మార్చుకోవడమే న్యాయం, మీ ఇంటి ముందు చెత్త బండి రాకపోతే నిలదీయాల్సింది అక్కడి కార్పొరేటర్నే కదా. రెండు చోట్లా ఉంచుకుందాం అనే ఆలోచన మాత్రం వద్దు. 17, 18 సెక్షన్లు అది కుదరదంటాయి, తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది.

విద్యార్థులకు వెసులుబాటు ఉంది. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో చదివేవాళ్ళు తల్లిదండ్రుల ఇంటి దగ్గరైనా, హాస్టల్ అడ్రస్‌తోనైనా ఓటు పెట్టుకోవచ్చు. హాస్టల్ అయితే కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

ఫారం 6 కాదు, ఫారం 8

నెట్ సెంటర్లో అడిగితే ఇప్పటికీ కొందరు "వేరే నియోజకవర్గం కాబట్టి ఫారం 6 కొత్తగా పెట్టండి" అంటారు. 2022 ఆగస్టు 1కి ముందు అది నిజమే. అప్పటి నుంచి పద్ధతి మారింది. ఫారం 6 మొదటిసారి ఓటు నమోదు చేసుకునేవాళ్ళకు మాత్రమే. ఇల్లు మారితే, అది పక్క వీధికైనా పక్క రాష్ట్రానికైనా, ఫారం 8. పేరులో తప్పులు దిద్దుకోవడం, పోయిన కార్డు బదులు కొత్తది తీసుకోవడం కూడా ఇదే ఫారంతో. ఇప్పటికే ఓటు ఉన్నవాళ్ళు ఫారం 6 పెడితే పాత పేరు అక్కడే ఉండిపోయి, కొత్త పేరు ఇక్కడ చేరి, మీకు తెలియకుండానే మీరు రెండు ఓట్ల మనిషి అయిపోతారు. మన తిరుపతిలో ఇది చిన్న విషయం కాదు, 2021 లోక్‌సభ ఉప ఎన్నికప్పుడు దొంగ ఓట్ల మీద ఎంత రచ్చ జరిగిందో అందరూ చూశారు.

ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే సైట్లోకి ఫోన్ నంబరుతో లాగిన్ అవ్వండి. ఫారం 8 తెరిచి మీ ఎపిక్ నంబరు, అంటే ఓటరు కార్డు మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఉండే నంబరు కొడితే మీ వివరాలు వస్తాయి. నివాసం మార్పు అనేది ఎంచుకున్నాక, అదే నియోజకవర్గంలోనా బయటికా అని అడుగుతుంది. పైన చెప్పిందంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే. టౌన్ నుంచి తిరుచానూరు అయితే "బయటికి". కొత్త అడ్రస్ రాసేటప్పుడు డోర్ నంబరు పాతదా కొత్తదా అని ఇంటి ఓనర్ని అడిగి రాయండి, గుర్తుగా గుడో స్కూలో ఏదైనా చేర్చండి, వచ్చే మనిషి ఇల్లు వెతుక్కోవాలి. ఆధార్‌కి లింకైన ఫోన్ పక్కన పెట్టుకోండి, ఆఖర్న ఈ-సైన్ కోసం ఓటీపీ దానికే వస్తుంది. ఓటరు కార్డులో "వెంకటేశులు", ఆధార్‌లో "వెంకటేశ్వర్లు" అని ఉంటే అక్కడ చిక్కు వస్తుంది. అప్పుడు కాగితం ఫారమే నింపి బీఎల్వోకి, అంటే మీ పోలింగ్ కేంద్రం జాబితా చూసుకునే బూత్ స్థాయి అధికారికి ఇవ్వడం సులువు. ఇంట్లో పెద్దవాళ్ళకీ అదే మేలు.

అడ్రస్ రుజువు

కరెంటు, నీళ్ళు లేదా గ్యాస్ బిల్లు, ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం, రిజిస్టర్ అయిన సేల్ డీడ్, భూమి పాస్‌బుక్ లాంటి రెవెన్యూ రికార్డు. వీటిలో ఒకటి చాలు. అద్దె ఇళ్ళవాళ్ళకు ఇక్కడే ఇరకాటం. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద ఉంటుంది, అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నదే తప్ప రిజిస్టర్ చేసినది కాదు. సులువైన దారి, ముందు బ్యాంకులో అడ్రస్ మార్పించుకుని ఆ పాస్‌బుక్ పెట్టడం, లేకపోతే ఆధార్‌లో అడ్రస్ మార్చుకోవడం. ఏ కాగితమూ లేకపోయినా దరఖాస్తు తీసుకోవాల్సిందే, అప్పుడు బీఎల్వో ఇంటికి వచ్చి చూసి రాసే రిపోర్టే ఆధారం అవుతుంది. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళకు కూడా ఓటు ఉండేది ఈ దారిలోనే.

బీఎల్వో వచ్చేదాకా

దరఖాస్తు పంపగానే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీ దరఖాస్తు వివరాలు నియోజకవర్గం ఓటర్ల నమోదు అధికారి, అదే ఈఆర్వో, జాబితాలో పెడతారు. అభ్యంతరాలు ఉంటే చెప్పుకోవడానికి కనీసం ఏడు రోజులు ఆగుతారు. ఈలోపు బీఎల్వో ఇంటికి వస్తారు. వీళ్ళు పైనుంచి దిగొచ్చిన అధికారులు కారు. టీచరో, అంగన్‌వాడీ కార్యకర్తో, సచివాలయం ఉద్యోగో, సొంత పనికి తోడు ఇది చేస్తుంటారు. పగలు మీ ఇంటికి తాళం వేసి ఉంటే "ఆ అడ్రస్‌లో లేరు" అని రాసేసే ప్రమాదం ఉంది. పోర్టల్లో బీఎల్వో ఫోన్ నంబరు దొరుకుతుంది, ఒకసారి మీరే ఫోన్ చేసి "మేం సాయంత్రం ఆరు తర్వాత ఉంటాం మేడం" అని చెప్పుకోండి, పోయేదేం లేదు.

అంతా సరిగ్గా ఉంటే పాత చోట పేరు తీసేసి కొత్త చోట చేరుస్తారు, ఎపిక్ నంబరు మారదు, కొత్త అడ్రస్‌తో కార్డు పోస్టులో వస్తుంది.

ఎప్పుడు పెట్టాలి

ఎన్నికల షెడ్యూలు వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. నామినేషన్ల చివరి రోజు గడిచాక ఆ ఎన్నిక అయ్యేదాకా జాబితాలో ఒక్క పేరూ చేర్చకూడదు, తీయకూడదు, మార్చకూడదు. ఏడు రోజుల గడువు, బీఎల్వో రిపోర్టు కలుపుకుంటే చివరి రోజుకు కనీసం పది రోజుల ముందే దరఖాస్తు లోపల ఉండాలి. 2024 మే 13న మన దగ్గర అసెంబ్లీ, లోక్‌సభ రెండూ ఒకే రోజు జరిగాయి కాబట్టి జాబితాలో పేరు లేనివాళ్ళకు రెండు ఓట్లూ పోయాయి. కార్పొరేషన్, పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది, అది వేరే సంస్థ, కానీ వాళ్ళు వార్డుల వారీగా విడగొట్టుకునేది కూడా ఈ అసెంబ్లీ ఓటర్ల జాబితానే.

తిరస్కరిస్తే, లేదా పేరే తీసేస్తే

సివిల్ కోర్టులో దావా వేస్తానంటే కుదరదు, అదే 1950 చట్టం 30వ సెక్షన్ ఆ తలుపు మూసేసింది. ఈఆర్వో ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టర్‌కి అప్పీలు చేయాలి. అక్కడా కాకపోతే 30 రోజుల్లోపు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. ఆ తర్వాత మిగిలేది హైకోర్టులో రిట్. అప్పీలు రాసేటప్పుడు కోపం రాయకుండా రిఫరెన్స్ నంబరు, తేదీలు, జతపరిచిన కాగితాల పేర్లు రాస్తే పని తొందరగా అవుతుంది.

ఉన్న పేరు తీసేయడం వేరే సంగతి. మీ పేరు తీసేయమంటూ ఇంకొకరు మీ మీద ఫారం 7 పెట్టొచ్చు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో అలాంటివి లక్షల్లో పడ్డాయి, కేసులు కూడా పెట్టారు. ఎవరు ఫారం 7 పెట్టినా, మీకు నోటీసు ఇచ్చి మీ మాట వినకుండా పేరు తీయకూడదు. జాబితాలో ఉన్నవాళ్ళ విషయంలో ఇలా విచారించకుండా ముందుకు పోవద్దని సుప్రీంకోర్టు 1995లోనే లాల్‌బాబు హుసేన్ కేసులో చెప్పింది. బిహార్‌లో 2025లో ప్రత్యేక ఇంటెన్సివ్ రివిజన్, అంటే ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా మొత్తం సరిచూడడం చేసి ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా చేసినప్పుడు, ఎవరెవరిని ఎందుకు తీశారో కారణాలతో సహా బయటపెట్టమని అదే కోర్టు ఆదేశించింది. కోర్టు ఉంది కదా అని ఊరికే ఉంటే లాభం లేదు, ముసాయిదా జాబితా ప్రకటించినప్పుడల్లా రెండు నిమిషాలు మీ పేరు వెతికి చూసుకోండి.

పోలింగ్ రోజు

కార్డు చేతిలో ఉండి పేరు జాబితాలో లేకపోతే ఓటు లేదు. పేరు ఉండి కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివాటితో వేయొచ్చు. ఇల్లు మారినవాళ్ళకు ఒక్కోసారి పేరు పక్కన "షిఫ్టెడ్" అని గుర్తు ఉన్న విడి జాబితా ఎదురవుతుంది, కంగారు పడొద్దు, మీరే మీరని గట్టిగా చూసుకుని ఓటు వేయనిస్తారు. అక్కడ కూర్చున్న అభ్యర్థి ఏజెంటు "ఈయన ఆయన కాదు" అని సవాలు చేయాలంటే రెండు రూపాయలు కట్టాలి, ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారించి తేలుస్తారు.

మీకంటే ముందే మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయకండి. టెండర్ ఓటు అడగండి. దాన్ని మిషన్లో కాకుండా బ్యాలెట్ కాగితం మీద వేయించుకుని కవర్లో పెడతారు, మీ సంతకం ఫారం 17బీలో తీసుకుంటారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. కానీ ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు అభ్యర్థి గానీ, ఆ నియోజకవర్గం ఓటరు గానీ హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేస్తే అది లెక్కలోకి రావొచ్చు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సీపీ జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు, ఆ కేసులో సుప్రీంకోర్టు దాకా నడిచిన వాదన టెండర్ ఓట్ల గురించే. కాబట్టి "మీది పడిపోయిందండీ, వెళ్ళండి" అంటే "17బీ ఇవ్వండి సార్" అని అక్కడే నిలబడండి.