అణ్వస్త్ర జలాంతర్గాముల మార్పిడి ప్రణాళికను భద్రత కోణంలో చదవడం ఎలా?

ఒక దేశం తన పాత అణ్వస్త్ర జలాంతర్గాములను తప్పించి కొత్తవి కట్టుకుంటానని ప్రకటించినప్పుడు పత్రికలు ఖర్చు గురించి, ఉద్యోగాల గురించి, శత్రుదేశాల గురించి విస్తారంగా రాస్తాయి. ఆ నౌకల్లో నెలల తరబడి నీటి కింద ఉండే నావికులకు, డాక్‌యార్డ్ గోడ పక్క వీధుల్లో కాపురముండే కుటుంబాలకు ఏ దశలో ఏ ముప్పు ఉంటుందన్న సంగతి మాత్రం తరచుగా ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. రక్షణ రహస్యాలు తెలియనివారు కూడా బహిరంగంగా దొరికే తేదీలు, ప్రకటనలు, పాత ప్రమాదాల చరిత్ర దగ్గర పెట్టుకుని ఆ ముప్పును చాలావరకు అంచనా వేయవచ్చు. అందుకు అనుసరించవలసిన క్రమాన్ని బ్రిటన్ ఉదాహరణతో ఇక్కడ వివరిస్తున్నాను. ఈ విషయంలో అత్యధిక సమాచారం వెలుగులోకి వచ్చిన దేశాల్లో అది ఒకటి.

బ్రిటన్ వద్ద వాన్‌గార్డ్ తరగతికి చెందిన నాలుగు జలాంతర్గాములు ఉన్నాయి. వాన్‌గార్డ్ 1993లో, విక్టోరియస్ 1995లో, విజిలెంట్ 1996లో, వెంజెన్స్ 1999లో నౌకాదళంలో చేరాయి. స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఫాస్లేన్ వీటి స్థావరం. ఒక్కొక్కదానిలో ఒక అణు రియాక్టర్, అణ్వస్త్రాలు మోసే ట్రైడెంట్ క్షిపణుల కోసం 16 గొట్టాలు ఉంటాయి. వీటి స్థానంలో డ్రెడ్‌నాట్, వాలియంట్, వార్‌స్పైట్, కింగ్ జార్జ్-6 అనే నాలుగు కొత్త నౌకలు బారో-ఇన్-ఫర్నెస్ పట్టణంలో తయారవుతున్నాయి. 2016 జులై 18న బ్రిటన్ దిగువ సభ 472-117 ఓట్లతో ఈ నిర్మాణాన్ని ఆమోదించింది. ప్రభుత్వం దీనికి 3,100 కోట్ల పౌండ్లు, అనుకోని ఖర్చులకు మరో 1,000 కోట్ల పౌండ్లు కేటాయించింది.

ముందు పాత నౌకల వయసు లెక్కించండి

కొత్త నౌక ఎంత గొప్పదో చదివేముందు పాత నౌక ఎన్నేళ్లకు రూపొందిందో తెలుసుకుని ఒక కాగితం మీద రాసుకోవాలి. వాన్‌గార్డ్ తరగతిని 25 ఏళ్ల సేవకు రూపొందించారు. ఆ లెక్కన మొదటి నౌక 2018కే విశ్రాంతి తీసుకోవలసింది. దాని పక్కనే, కొత్త నౌక వస్తుందని వేర్వేరు సంవత్సరాల్లో చెప్పిన తేదీలను వరుసగా వేయండి. 2006 నాటి శ్వేతపత్రం 2024 అన్నది. 2010 రక్షణ సమీక్ష 2028 అన్నది. 2015 సమీక్ష 2030ల తొలి సంవత్సరాలు అన్నది. ఈ రెండు వరుసల మధ్య పెరుగుతూ పోయిన ఖాళీయే మీరు చూడవలసిన అసలు విషయమని నా అభిప్రాయం. కొత్త నౌక ఆలస్యమైన ప్రతి ఏడాదీ పాత నౌకలోని పైపులు, వాల్వులు, రియాక్టర్ తమకు నిర్దేశించిన ఆయుష్షును దాటి మరో ఏడాది పనిచేయాలి. ఆలస్యాన్ని కేవలం ఖర్చు సమస్యగా చూసేవారు ఈ సంగతిని గమనించరు.

ఆ ఒత్తిడి ఎలా పాకుతుందో వాన్‌గార్డ్ మరమ్మతు చరిత్ర చెబుతుంది. 2015 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్ డాక్‌యార్డ్‌లో దాని భారీ మరమ్మతు మొదలైంది. మూడున్నరేళ్లలో ముగుస్తుందనుకున్న పని ఏడేళ్లకు పైగా సాగింది. 1969 నుంచి ఎప్పుడూ ఒక జలాంతర్గామి సముద్రంలో గస్తీలో ఉండాలన్నది బ్రిటన్ నియమం. నాలుగింటిలో ఒకటి డాక్‌లో ఉండిపోతే ఆ భారమంతా మిగిలిన మూడింటి మీద పడుతుంది. ఒకప్పుడు మూడు నెలల లోపు ముగిసే గస్తీలు ఇటీవలి సంవత్సరాల్లో ఐదు నెలలు దాటి, ఆరు నెలలకు కూడా చేరాయి. సూర్యుణ్ని చూడకుండా, ఇంటినుంచి వచ్చే సందేశానికి జవాబు పంపే వీలు లేకుండా అంతకాలం గడిపిన నావికుడి అలసట కూడా భద్రతకు సంబంధించిన అంశమే. అందుచేత ప్రణాళికలో గస్తీ కాలానికి గరిష్ఠ పరిమితి పెట్టారా, ఒక నౌక మరమ్మతు సాగిపోతే ప్రత్యామ్నాయం ఏమిటి అని వెతకండి.

కొత్త రియాక్టర్ ఏ లోపాన్ని ఒప్పుకుంటోందో చూడండి

కొత్త రూపకల్పనలో ఏదైనా మారిందంటే, పాతదానిలో ఏదో సరిపోలేదని రూపకర్తలు గుర్తించారన్నమాట. ఆ మార్పుల జాబితాను పాత నౌకల లోపాల జాబితాగా చదవడం అలవాటు చేసుకోవాలి. 2009లో బ్రిటన్ రక్షణ శాఖలోని అణు భద్రతా నియంత్రకుడు రాసిన ఒక పత్రం తరువాత బయటికి వచ్చింది. శీతలీకరణ వ్యవస్థకు గండిపడి నీరు కోల్పోయే ప్రమాదం, రియాక్టర్ ఆగిపోయినప్పుడు నౌక లోతు అదుపు తప్పే ప్రమాదం అనే రెండు విషయాల్లో బ్రిటిష్ జలాంతర్గాములు మేలైన పద్ధతులకు చాలా వెనకబడి ఉన్నాయని అందులో ఉంది. 2011లో ప్రభుత్వం పాత పీడబ్ల్యూఆర్-2 రియాక్టరును కాక పీడబ్ల్యూఆర్-3 అనే కొత్త రియాక్టరును కొత్త నౌకలకు ఎంచుకుంది. ఇది మంచి నిర్ణయమే. కానీ పీడబ్ల్యూఆర్-2 రియాక్టరుతో నడిచే నౌకలే నేటికీ గస్తీ తిరుగుతున్నాయన్న సంగతి పాఠకుడు మరువకూడదు.

నౌక జీవితకాలమంతా సరిపోయే ఇంధనం ఉంటుందన్న మాట కూడా ప్రకటనల్లో కనిపిస్తుంది. దాని విలువ తెలియాలంటే 1985 ఆగస్టు 10న సోవియట్ తూర్పు తీరంలోని చాజ్మా అఖాతంలో జరిగినది గుర్తుచేసుకోవాలి. అక్కడ రేవులో కె-431 జలాంతర్గామికి ఇంధనం మార్చి రియాక్టర్ మూత బిగిస్తున్నప్పుడు, అణు విచ్ఛిత్తిని అదుపులో ఉంచే నియంత్రణ కడ్డీలు పైకి లేచి, అణు విచ్ఛిత్తి అదుపు తప్పి పేలుడు జరిగి పదిమంది అక్కడికక్కడే మరణించారు. ఇంధనం మార్చే అవసరమే లేకపోతే ఆ తరహా ప్రమాదానికి తావుండదు. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఉత్తర స్కాట్లాండ్‌లోని డౌన్‌రేలో, నౌకల్లోని రియాక్టర్లకంటే ముందుగా ఇంధనాన్ని అరగదీసి పరీక్షించడానికి నేలమీద ఒక నమూనా రియాక్టరును నడిపారు. 2012 జనవరిలో దాని శీతలీకరణ నీటిలో స్వల్ప రేడియోధార్మికత కనిపించింది. ఇంధనపు తొడుగుకు అతి సూక్ష్మమైన చీలిక ఏర్పడిందని తేలింది. ఆ కారణంగానే, ముందుగా అనుకోకపోయినా వాన్‌గార్డ్‌కు కొత్త ఇంధనం నింపవలసి వచ్చింది. ఈ సంగతి పార్లమెంటుకు తెలిసింది 2014 మార్చిలో. ఆ పరీక్షా రియాక్టరును 2015లో మూసివేశారు. కాబట్టి జీవితకాల ఇంధనం గురించి చదివినప్పుడు, ఆ ఇంధనంలో ముందుగా లోపం కనిపెట్టే ఏర్పాటు ఏముందో, లోపం బయటపడితే ప్రజలకు ఎప్పుడు చెబుతారో అడగాలి.

కట్టే చోట వెల్డింగ్ మొదలుకొని

1963 ఏప్రిల్ 10న అమెరికా జలాంతర్గామి థ్రెషర్ లోతు పరీక్షలో మునిగిపోయి 129 మంది చనిపోయారు. సముద్రపు నీటి పైపుల అతుకుల్లో ఒకటి విడిపోయి ఉండవచ్చని దర్యాప్తు భావించింది. ఆ తరువాత అమెరికా నౌకాదళం ప్రతి కీలకమైన అతుకుకూ, ప్రతి విడిభాగానికీ ఎవరు చేశారు, ఎవరు తనిఖీ చేశారు అన్న రికార్డు తప్పనిసరి చేస్తూ సబ్‌సేఫ్ అనే విధానాన్ని తెచ్చింది. అయినా 2018లో, అమెరికా కొలంబియా తరగతికి, బ్రిటన్ డ్రెడ్‌నాట్ తరగతికి ఉమ్మడిగా తయారవుతున్న క్షిపణి గొట్టాల్లో 12 గొట్టాల వెల్డింగ్ లోపాలు బయటపడ్డాయి. వాటిలో ఏడింటిని అప్పటికే పంపించేశారు. నా దృష్టిలో ఇది తనిఖీ విఫలమైందనడానికీ, చివరికి పనిచేసిందనడానికీ కూడా నిదర్శనం. ఇటువంటి వార్త కనిపించినప్పుడు లోపం ఏ దశలో దొరికింది అన్నదే ముఖ్యంగా చూడండి.

నిర్మాణ స్థలం కూడా ప్రమాద స్థలమే. 2024 అక్టోబరు 30న బారోలోని డెవన్‌షైర్ డాక్ హాల్‌లో మంటలు లేచాయి. అణు ప్రమాదం ఏదీ లేదని అధికారులు తెలిపారు. పొగ పీల్చిన ఇద్దరిని ఆసుపత్రికి తరలించారు. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ 2014 మార్చిలో విశాఖపట్నంలో జరిగింది. అక్కడి జలాంతర్గామి నిర్మాణ కేంద్రంలో పీడన పరీక్ష చేస్తుండగా ఒక కాంట్రాక్టు కార్మికుడు మరణించాడు, ఇద్దరు గాయపడ్డారు. రియాక్టర్ గురించి భయపడే మనం ఇటువంటి మరణాలను మామూలు పారిశ్రామిక ప్రమాదంగా దాటవేయడం నాకు బాధ కలిగిస్తుంది.

క్షిపణినీ, వార్‌హెడ్‌నూ విడివిడిగా చూడండి

1986 అక్టోబరులో బెర్ముడాకు దూరంగా అట్లాంటిక్‌లో సోవియట్ జలాంతర్గామి కె-219 క్షిపణి గొట్టంలోకి సముద్రపు నీరు చేరి, ద్రవ ఇంధనంతో కలిసి పేలుడు జరిగింది. సెర్గేయ్ ప్రెమినిన్ అనే ఇరవయ్యేళ్ల నావికుడు రియాక్టరును చేతులతో ఆపి, ఆ గదిలోంచి బయటికి రాలేక మరణించాడు. ట్రైడెంట్ క్షిపణిది ఘన ఇంధనం కనుక ఈ తరహా ముప్పు దానికి లేదు. దాని ముప్పు వేరు. వార్‌హెడ్‌లు, అంటే క్షిపణి మోసుకెళ్లే అణుబాంబులు, దాని మూడో దశ మోటారు చుట్టూ అమరి ఉంటాయి, ఆ మోటారులోని ఇంధనం మండడమే కాక పేలగలదు కూడా. 1990లో భౌతిక శాస్త్రవేత్త సిడ్నీ డ్రెల్ నాయకత్వంలోని బృందం అమెరికా కాంగ్రెసుకు ఇచ్చిన నివేదికలో ఈ అమరికనూ, వార్‌హెడ్‌లో దెబ్బకు సులభంగా పేలని పదార్థాన్ని వాడకపోవడాన్నీ ప్రశ్నించింది. కొత్త నౌకలోనూ ఇదే క్షిపణి ఉంటుంది. బ్రిటన్ కొత్త వార్‌హెడ్‌ను తయారు చేయనున్నట్లు 2020 ఫిబ్రవరిలో ప్రకటించింది. దానిలో ఏ పేలుడు పదార్థం వాడతారన్నదే అడగవలసిన మొదటి ప్రశ్న. వార్‌హెడ్‌లు దక్షిణ ఇంగ్లండ్‌లోని బర్గ్‌ఫీల్డ్ నుంచి ఫాస్లేన్ సమీపంలోని కూల్‌పోర్ట్ ఆయుధ డిపోకు మామూలు రహదారుల మీదే వెళతాయని గుర్తుంచుకోండి.

తనిఖీ ఎవరిది, హెచ్చరిక ఎవరికి?

బారో, డెవన్‌పోర్ట్ స్థలాలకు స్వతంత్ర పౌర అణు నియంత్రణ కార్యాలయం లైసెన్సు ఇస్తుంది. నౌకలోని రియాక్టరును, అణ్వస్త్రాన్ని తనిఖీ చేసే నియంత్రకుడు మాత్రం రక్షణ శాఖలోనే ఉంటాడు. అతని వార్షిక నివేదికలు కొన్నేళ్లపాటు బహిరంగంగా వచ్చి, 2010ల మధ్యలో ఆగిపోయాయి. భారత్‌లో కూడా అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోకి ఈ రంగం రాదు. 2000లో భాభా అణు పరిశోధన కేంద్రపు భద్రతా పర్యవేక్షణను ఆ మండలి నుంచి తప్పించి, కేంద్రంలోని అంతర్గత మండలికి అప్పగించారు. విశాఖలో 2009లో జలప్రవేశం చేసిన భారత అణు జలాంతర్గామి అరిహంత్‌కు రియాక్టర్ రూపకల్పన ఆ కేంద్రానిదే. శత్రువుకు పనికివచ్చే వివరాలు దాచడం న్యాయమే, కానీ తనిఖీలో తేలిన లోపాల సారాంశం అటువంటి వివరం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డాక్‌యార్డ్ దగ్గర నివసించేవారు స్థానిక సంస్థ ప్రచురించిన అత్యవసర ప్రణాళికను సంపాదించి చదవాలి. అయోడిన్ మాత్రలు ఎవరికి, ఎంత దూరం వరకు ఇస్తారో చూడాలి. ఆ మాత్ర థైరాయిడ్ గ్రంథిని మాత్రమే కాపాడుతుంది, మిగతా శరీరానికి రక్ష కాదు. తలుపులు మూసుకుని లోపల ఉండమని ఎవరు, ఏ మార్గంలో చెబుతారన్నది అందులో స్పష్టంగా ఉండాలి.

విశ్రాంతి పొందిన నౌక ఎక్కడికి?

చివరగా, పాత నౌకలను విడదీయడానికి స్థలం, డబ్బు, తేదీ ఉన్నాయో లేదో కొత్త నౌకల ప్రణాళికలోనే వెతకండి. 1980 నుంచి 2019 దాకా బ్రిటన్ 20 అణు జలాంతర్గాములను సేవనుంచి తప్పించి, ఒక్కదాన్ని కూడా పూర్తిగా విడదీయలేదని, వాటిలో తొమ్మిదింటిలో వాడిన ఇంధనం ఇంకా ఉందని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2019లో తెలిపింది. ఆ దేశపు మొట్టమొదటి అణు జలాంతర్గామి 1963లో చేరి, 1980లో విశ్రాంతి పొంది, సేవలో గడిపిన కాలానికి రెండింతలకు పైగా స్కాట్లాండ్‌లోని రోసైత్ రేవులోనే కట్టివేసి ఉంది. దాని పేరు కూడా డ్రెడ్‌నాటే.