హెడ్‌ఫోన్‌లో సౌండ్ బాగాలేదా, చెవి నొస్తోందా? కొత్తది కొనేముందు ఇవి చూసుకోండి

నల్లగొండ ప్రకాశం బజారులో వందల్లో దొరికే ఇయర్‌ఫోన్ అయినా, వేలు పోసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న హెడ్‌సెట్ అయినా వినిపించే ఫిర్యాదులు ఇంచుమించు ఒకటే. బేస్ లేదు, ఒక చెవే వస్తోంది, కాసేపటికే నొప్పి పుడుతోంది. చాలాసార్లు తప్పు వస్తువుది కాదు, అది చెవికి సరిగ్గా కూర్చోకపోవడమే అసలు కారణం. డబ్బులు ఖర్చు పెట్టకుండా సరిచేసుకోదగ్గవే ఇందులో ఎక్కువ.

సమస్య: బేస్ లేదు, సౌండ్ పల్చగా ఉంది

పాట నడుస్తుండగా రెండు వైపులా ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కి చూడండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే స్పీకర్ బాగానే ఉన్నట్టు. రబ్బరుకూ చెవికీ మధ్య సందు ఉంది, బేస్ అందులోంచి బయటికి పోతోంది.

డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద సైజు రబ్బర్లు వస్తాయి. చాలామంది కంపెనీ తొడిగిన మధ్య సైజుతోనే సరిపెట్టుకుని మిగతావి పారేస్తారు. అవి దాచుకోవాలి. ఒకే మనిషికి కుడి చెవి, ఎడమ చెవి రంధ్రాలు వేరే సైజులో ఉండొచ్చు, అప్పుడు రెండు వైపులా వేర్వేరు రబ్బర్లు వేసుకోవడమే సరైన పద్ధతి. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవిని పైకి, కొంచెం వెనక్కి లాగి ఇయర్‌ఫోన్ లోపలికి పెట్టి వదిలితే బాగా బిగుస్తుంది.

సరిగ్గా కూర్చుందో లేదో తేల్చుకోవడానికి డప్పు ఉన్న జానపదం పెట్టండి. సిర్ర, అంటే డప్పు కొట్టే లావు పుల్ల, దాని దెబ్బ గుండ్రంగా, బరువుగా తగలాలి. రెండో చేతిలోని సన్న పుల్ల, అంటే చిటికెన పుల్ల శబ్దం దాని మీద విడిగా, టకటకమని వినిపించాలి. పుల్ల ఒక్కటే వినిపించి సిర్ర అట్టపెట్టె మీద కొట్టినట్టుంటే రబ్బరు మార్చండి. రెండూ కలిసిపోయి మొద్దుగా ఉంటే ఫోన్‌లో ఈక్వలైజర్ (సౌండ్‌లో బేస్ లాంటివి పెంచి తగ్గించే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూసి, బేస్ బూస్ట్ తీసేయండి.

చెవి మొత్తాన్ని కప్పే పెద్ద హెడ్‌ఫోన్‌లోనూ ఇదే సంగతి. కళ్లద్దాల కాడ, జడ పాయ ప్యాడ్ కింద ఇరుక్కుంటే సందు పడి బేస్ తగ్గుతుంది.

సమస్య: సంగీతం వస్తోంది, పాడేవాళ్ల గొంతు మాత్రం లేదు

ఇది విచిత్రంగా ఉంటుంది గానీ కారణం సులువు. పిన్ పూర్తిగా దిగకపోతే ఎడమ, కుడి స్పీకర్లు రెండింటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ తీగ కలవదు. అప్పుడు రెండు వైపులా సమానంగా ఉన్న శబ్దం రద్దయిపోయి, తేడా మాత్రమే మిగులుతుంది. గొంతును మామూలుగా మధ్యలో, అంటే రెండు వైపులా సమానంగా పెడతారు కాబట్టి ముందు పోయేది అదే. మైక్ బటన్ ఉన్న హెడ్‌సెట్ అయితే దాన్ని నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపు గొంతు తిరిగి వస్తే లోపం కచ్చితంగా ఈ గ్రౌండ్ దగ్గరే ఉంది.

జేబులోని నూలు పోగులు ఫోన్ రంధ్రంలో చేరి అడుగున గట్టిపడతాయి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లకైతే ఊక దుమ్ము కూడా తోడవుతుంది. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు మాత్రం వాడొద్దు. మైక్ ఉన్న హెడ్‌సెట్‌కు వచ్చే మూడు గీతల పిన్‌ను పాత మ్యూజిక్ ప్లేయర్‌లో పెట్టినా ఇలా కావచ్చు, అప్పుడు పిన్‌ను వెంట్రుకవాసి బయటికి లాగి చూడండి.

సమస్య: ఒక వైపే వినిపిస్తోంది

పిన్ దగ్గర వైరును అటూ ఇటూ వంచినప్పుడు గరగరమంటే లోపల తీగ తెగింది. కొత్త పిన్ వేయించుకుంటే సరిపోతుంది. గరగర లేకపోతే జాలీలో గుబిలి పేరుకుని ఉంటుంది. రబ్బరు తీసేసి, జాలీని నేలవైపు తిప్పి పట్టుకుని పొడి టూత్‌బ్రష్‌తో రుద్దండి. సూది, నీళ్లు వద్దు. వైరు లేని బడ్స్‌లో ఒకటే పలకకపోతే డబ్బాలోని ఛార్జింగ్ పిన్నుల మీద చెమట మరకలు తుడిచి, మళ్లీ ఛార్జింగ్ పెట్టండి.

సమస్య: బస్సులో వాల్యూమ్ ఫుల్ పెట్టినా సరిపోదు

నల్లగొండ నుంచి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా బస్సు ఇంజన్ మోత, కిటికీ గాలి మీద పాట వినాలంటే ఎవరైనా వాల్యూమ్ పెంచుతారు. చెవులకు అసలు ప్రమాదం ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే.

రబ్బరు లేని గట్టి ప్లాస్టిక్ ఇయర్‌ఫోన్లు బయటి శబ్దాన్ని ఆపలేవు. రబ్బరుతో బిగుతుగా కూర్చునేది వాడితే వాల్యూమ్ తగ్గించినా పాట స్పష్టంగా ఉంటుంది. నాయిస్ క్యాన్సలేషన్ ఉన్నవి ఇంజన్ మోతలాంటి ఎడతెగని బొంగురు శబ్దాన్ని బాగా తగ్గిస్తాయి, హారన్లను, మాటలను అంతగా ఆపవు. దిగాక చెవుల్లో గుయ్‌మని మోత ఉంటే ఆ రోజుకి పాటలు ఆపేయండి. మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.

సమస్య: నొప్పి, చెమట, దురద

చెవి మీద ఆనే చిన్న ప్యాడ్ల రకం చెవిని తలకేసి నొక్కుతుంది. ఎక్కువసేపు వినేవాళ్లకు చెవి చుట్టూ కూర్చునే పెద్ద ప్యాడ్లే నయం. కొత్తదాని బిగువు ఎక్కువగా ఉంటే, బ్యాండ్‌లో లోహపు పట్టీ ఉన్నప్పుడు, తలకన్నా కొంచెం వెడల్పున్న పుస్తకాల దొంతరకు రాత్రంతా తొడిగి ఉంచండి. ఉత్త ప్లాస్టిక్ బ్యాండ్ అయితే విరుగుతుంది, ఆ పని చేయొద్దు.

పాలమూరు, నల్లగొండ ఎండల్లో రెగ్జిన్ ప్యాడ్లు చెమటకు తడిసి తడిసి పొలుసులుగా రాలతాయి. గుడ్డ ప్యాడ్లు గాలాడతాయి, కాకపోతే బేస్ కాస్త తగ్గుతుంది. మే నెలలో నేనైతే ఆ బేస్ వదులుకోవడానికే ఓటేస్తాను. దురద పెడితే రబ్బర్లు విప్పి, సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగండి. చెవిలోంచి చీము, నీరు వస్తే ఇయర్‌ఫోన్ మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సమస్య: రెండు పోల్చినా ఏది మంచిదో తేలడం లేదు

రెండింటి వాల్యూమ్ సమానంగా లేకపోతే ఆ పోలిక చెల్లదు. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మేలైనదిగానే అనిపిస్తుంది. ముందు రెండూ సమానంగా గట్టిగా వినిపించేలా సర్దుకుని, ఒకే పాట, ఒకే ఫైలు వినండి. సౌకర్యం తెలియాలంటే అరగంటైనా తలమీద ఉంచుకోవాలి, షాపులో రెండు నిమిషాలు చాలవు. డబ్బా మీద ఓమ్స్, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకు ఎంత అడ్డు పడుతుందో చెప్పే అంకె, కూడా చూడండి. ఫోన్‌కు 16, 32 ఓమ్స్ చక్కగా సరిపోతాయి. 250 ఓమ్స్‌ది మామూలు ఫోన్‌కు తగిలిస్తే సౌండ్ చాలా తక్కువగా వస్తుంది, దానికి ఆంప్లిఫైయర్ విడిగా కొనాల్సి వస్తుంది.